తాత సైకిలుకు కొత్త పళ్ళు

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం)

నా ఫిజిక్స్ రికార్డులో సోనోమీటర్ ప్రయోగం రాసిన పేజీ మీద ఒక నల్లటి బొటనవేలి ముద్ర ఉంది. దాన్ని చూసి మా లెక్చరర్ గారు "ఏమమ్మా, ఇది తీగ ముద్రా, నీ ముద్రా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేను తల వంచుకుని "సైకిలు గ్రీజు సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. "ఎవరు బాగుచేస్తున్నారు?" అన్నారు. "నేనే సార్" అన్నాను. ఆ నల్లమరకకు మార్కులు తగ్గించకపోగా, ఈ సంచికకు దాని గురించి రాయమని ఆయనే నా పేరు ఇచ్చారట. కవితలు రాయడానికి మా క్లాసులో ఇప్పటికే ఏడుగురున్నారు కనుక నాకు మిగిలింది ఈ మరకే. అదే రాస్తున్నాను.

నర్సంపేట రోడ్డు మీద బస్సు దిగి, మట్టిదారిన అయిదు కిలోమీటర్లు లోపలికి పోతే మా ఊరు. 2023 డిసెంబర్ 9 నుంచి మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచిదే. కానీ బస్సు ఫ్రీ గాని, బస్సు దాకా పోవుడు ఫ్రీ కాదు. ఆటోకు పోను ఇరవై, రాను ఇరవై. అదీ నలుగురు ఎక్కితేనే కదులుతుంది. నలుగురు ఎక్కేసరికి ఎనిమిది గంటల బస్సు దుమ్ము మాత్రమే కనబడుతుంది.

మొదటి సంవత్సరం ఈ బాధ లేదు. బాపు మోటారు సైకిలు మీద రోడ్డు దాకా దింపేవాడు. 2024 సెప్టెంబర్ మొదట్లో మా వైపు పడ్డ వానలు మీకు గుర్తుండే ఉంటాయి. మా రెండెకరాల పత్తిలో వారం రోజులు నీళ్ళు నిలిచాయి. దసరాకు ముందే బండి అమ్మాడు. నాతో "ఆటోల పో బిడ్డా" అన్నాడంతే. ఆ తర్వాత జనవరిలో నా ప్రాక్టికల్ పరీక్ష నాడు ఆటో రాలేదు. పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని అయిదు కిలోమీటర్లు నడిచీ, పరుగెత్తీ రోడ్డెక్కాను. ల్యాబులో అడుగుపెట్టేసరికి నలభై నిమిషాలు ఆలస్యం. లోపలికి రానిచ్చారు, అది వారి దయ. కానీ చేతులు వణుకుతుంటే బ్యూరెట్‌లో రీడింగు ఏం కనబడుతుంది? యాభైకి ఇరవై ఒకటి వచ్చాయి.

ఆ సాయంత్రమే పశువుల కొట్టంలో దూలానికి వేలాడుతున్న తాత సైకిలు కేసి మొదటిసారి సరిగ్గా చూశాను.

అది అట్లాస్. 1976లో తాత వానాకాలం పంట అమ్మి కొన్నాడని ఇంట్లో చెబుతారు. దాని మీదనే మిరపబస్తాలు వరంగల్ మార్కెట్‌కు తోలేవాడు. ఆ రోజుల్లో పట్నంలోకి సైకిలు పోతే మున్సిపాలిటీ బిళ్ళ ఉండాలనీ, చీకటి పడ్డాక దీపం లేకపోతే పోలీసు ఆపి చక్రంలో గాలి తీసేవాడనీ తాత చెబుతుంటే మాకు నమ్మబుద్ధి కాకపోయేది. ఆయన 2019లో పోయాడు. ఆ సైకిలును తయారు చేసిన కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం కూడా 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే జరగడం విచిత్రం. మా ఇంట్లో మాత్రం తాత పోయిన నాటి నుంచీ సైకిలును ఎవరూ ముట్టలేదు. పాత ఇనుపసామాను వాడు వచ్చినప్పుడల్లా బాపు "తీసుకపోరాదు" అంటాడు. అమ్మ "ఉండనీ" అంటుంది. ఇట్లా అయిదేళ్ళు అది దూలానికే వేలాడింది.

సంక్రాంతి సెలవుల్లో దించాను. బాపు చూసి "ఏం జేస్తవ్ దాంతోని?" అన్నాడు. "తొక్కుత" అన్నాను. ఆయన మొగం అదోలా పెట్టి "అది తొక్కేటిది కాదు" అని చేనుకు పోయాడు. నాకు కోపం వచ్చింది. అప్పటికి నాకు సంగతి తెలియదు.

నా దగ్గరున్న పెట్టుబడి 2,400 రూపాయలు. మా చేను ఏరుడు అయినంక పక్క చేన్లలో కిలోకు పది రూపాయల చొప్పున ఆరు దినాలు పత్తి ఏరితే వచ్చిన కూలి. కొత్త సైకిలు దాంట్లో సగం కూడా రాదు. కాబట్టి పాతదాన్ని బతికించడమే దారి.

మొట్టమొదట పెడళ్ళు విప్పబోయాను. కుడిది వచ్చింది. ఎడమది రాలేదు. తుప్పేమోనని డీజిల్ పోశాను (కిరసనాయిలు ఇప్పుడెక్కడ దొరుకుతుంది, పక్కింటి ట్రాక్టర్‌లోంచి చిన్న గ్లాసెడు అడిగి తెచ్చాను). రాత్రంతా నాననిచ్చాను. పొద్దున్నే పానా పట్టి, ఆ పానాకు ఇనుపగొట్టం తొడిగి, మా తమ్ముణ్ణి దాని మీద నిలబెట్టాను. కదలలేదు. చివరికి సైకిలును ఎడ్లబండి మీద వేసి రోడ్డు మీది సైకిలు షాపుకు తీసుకుపోయాను. ఆ షాపు చాచాకు అరవై ఐదేళ్ళు ఉంటాయి. రెండు మునివేళ్ళతో పానా పట్టుకుని నేను తిప్పిన దిక్కుకు ఎదురు దిక్కుకు ఒక్క దెబ్బ వేశాడు. పెడలు ఊడి కింద పడింది.

"బేటీ, నువ్వు నిన్నటిసంది దీన్ని బిగిస్తున్నవ్" అన్నాడు.

ఎడమ పెడలుకు ఎడమ మర ఉంటుందని నాకు తెలియదు. ఎందుకని అడిగితే "ఎందుకంటే ఊడకుండ" అన్నాడు చాచా. ఇంటికి వచ్చి ఆలోచించాను. పిడికిలిలో పెన్సిల్‌ను వదులుగా పట్టుకుని దాని కొసను గుండ్రంగా తిప్పి చూడండి. పెన్సిల్ తనంతట తాను వెనక్కి దొర్లుతుంది. పెడలు ఇరుసు కూడా తన రంధ్రంలో అట్లాగే దొర్లుతుంది. రెండు వైపులా ఒకే మర పెడితే ఒకటి బిగుసుకుంటూ పోతుంది, రెండోది నడిదారిలో ఊడి వస్తుంది. ఇంత చిన్నదాంట్లో ఇంత ఆలోచన ఉంది! విమానం కనిపెట్టిన రైట్ సోదరులు డేటన్ పట్టణంలో సైకిలు షాపు వాళ్ళని ఎనిమిదో తరగతిలో చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఇప్పుడు వేయడం లేదు. 1903లో ఎగిరిన వాళ్ళ విమానం కూడా సైకిలు లాగే గొలుసులతోనూ, పళ్ళచక్రాలతోనూ పంఖాలు తిప్పింది.

ఆ తర్వాత చాచా షాపే నా రెండో ల్యాబు. ఆడపిల్ల రోడ్డు మీద కూచుని గ్రీజు పూసుకుంటుంటే చూసేవాళ్ళు చూశారు. ఒకాయన "గీ పనులు నీకెందుకమ్మా" అని ఉచిత సలహా ఇచ్చాడు. అదే నోటితో తన బండికి గాలి ఉందో లేదో చూడమన్నాడు. చూశాను. లేదు.

విప్పిన కొద్దీ లెక్క తెలిసింది. వెనక హబ్బులో పావు అంగుళం గుళ్ళు ఒక్కో వైపు తొమ్మిది. ముందు హబ్బులో వాటికంటే చిన్నవి ఒక్కో వైపు పది. పెడళ్ళ ఇరుసు దగ్గర మళ్ళీ పావు అంగుళానివి ఒక్కో వైపు పదకొండు. ఒకటి పోతే పాతవాటిలో కొత్తది కలపొద్దన్నాడు చాచా. కొత్తది ఒక వెంట్రుకవాసి పెద్దగా ఉంటుంది, బరువంతా దాని మీదనే పడుతుంది, మొదట అదే పగులుతుంది, ఆ ముక్కలు కప్పును కొరికేస్తాయి. గుళ్ళు తక్కువ ధరవి; కప్పు పోతేనే ఖర్చు. కాబట్టి అన్నీ మార్చాను. అరవై రూపాయలు.

వెనక చక్రంలో నలభై పుల్లలు, ముందు చక్రంలో ముప్ఫై రెండు. ఏడు విరిగిపోయాయి. అవి వేసి బెండు తీయడమే అన్నిటికంటే కష్టమైన పని. చక్రం తిప్పుతూ సుద్దముక్క ఆనిస్తే రిమ్ము ఎక్కడ పక్కకు వచ్చిందో అక్కడ గీత పడుతుంది. ఆ గీత ఉన్న చోట ఎదుటి వైపు పుల్లను బిగించాలి, ఇటు పుల్లను వదలాలి. మొదటి రోజు నేను బిగించిన చక్రం చాటలా తయారైంది. చాచా దాన్ని చూసి ఏమీ అనలేదు గాని చాయ్ తాగడానికి పోయాడు. ఆ ఖాళీలో ఊరికే పుల్లలను వేలితో మీటుతూ కూచున్నాను. ఒకటి "టింగ్" అంది. పక్కది "డబ్" అంది. అప్పుడు నాకు మా సోనోమీటర్ గుర్తుకు వచ్చింది. తీగ పొడవూ మందమూ ఒకటే అయినప్పుడు ధ్వని పౌనఃపున్యం దాని తన్యత వర్గమూలాన్ని బట్టి ఉంటుందని రికార్డులో ఎన్నిసార్లు రాశానో! ఒక వైపు పుల్లలన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో మోగేదాకా బిగించి, అప్పుడు సుద్ద పట్టాను. పూర్తిగా సరి కాలేదు గాని చాట పళ్ళెం అయింది. చాచా చాయ్ తాగి వచ్చి చెవి దగ్గర పెట్టుకుని మీటి చూశాడు. "నేను గూడ గిట్లనే జేస్త. నీకెవలు జెప్పిన్రు?" అన్నాడు. "మా సార్లు" అన్నాను. వేలిముద్ర పడింది ఆ రాత్రి రికార్డు తీసి మళ్ళీ చదివినప్పుడే.

ఇక బారు సంగతి. మగవాళ్ళ సైకిలుకు సీటు దగ్గర నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా ఉండే బారు నాకు ఇబ్బంది. ఆగినప్పుడు నేలకు కాలు అందడం కష్టం. "కోసి పారెయ్యి చాచా, లేడీస్ సైకిల్ అయితది" అన్నాను. ఆయన రంపం తీయలేదు. మూలన పడి ఉన్న నాలుగు పాత పుల్లలు తీసి, వాటి కొసలు వంచి ఒకదానికొకటి తగిలించి చతురస్రం చేసి నా చేతిలో పెట్టాడు. నొక్కితే అది పక్కకు వాలింది. ఒక పుల్ల తీసేసి మూడింటితో త్రికోణం చేసి ఇచ్చాడు. ఎంత నొక్కినా వాలలేదు. "బారు కోస్తే బండి ఖతం బేటీ. లేడీస్ సైకిల్ల బారు తియ్యలే, కిందికి దించిన్రు" అన్నాడు. ఆరో తరగతి దాటని మనిషి. త్రికోణం భుజాలు మారకుండా దాని ఆకారం మారదని మేము లెక్కల పుస్తకంలో చదువుకున్నదాన్ని ఆయన తుప్పు పట్టిన పుల్లలతో చూపించాడు.

అందుకని బారు ఉంచి మిగతావి మార్చుకున్నాను. స్ప్రింగుల సీటు ఎత్తు ఎక్కువ. దాని బదులు పలుచటి సీటు వేసి కిందికి దించాను. ఆగేటప్పుడు సైకిలును ఒక పక్కకు వాల్చి కాలు ఆనించడం నేర్చుకున్నాను. నా పొడవు అయిదడుగుల నాలుగంగుళాలు కాబట్టి సరిపోయింది. అంతకంటే పొట్టివాళ్ళు లేడీస్ ఫ్రేమే చూసుకోవడం మంచిది.

పళ్ళు మార్చడం నా సొంత ఆలోచన. మా దారిలో చెరువు కట్ట ఎక్కాలి. కాకతీయులు తవ్వించిన చెరువుల జిల్లా మాది. ఏ ఊరికి పోయినా ఒక కట్ట ఎక్కి దిగవలసిందే. సైకిలుకు ముందు పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. చక్రం 28 అంగుళాలు. అంటే పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిలు దాదాపు ఆరు మీటర్లు పోతుంది. బస్తా వేసుకుని దీన్ని తొక్కిన తాత కాళ్ళు ఎట్లాంటివో! వెనక 22 పళ్ళ ఫ్రీవీలు వేస్తే ఒక చుట్టుకు అయిదు మీటర్ల లోపే పోతుంది గాని, కాలి మీద బలం అయిదో వంతుకు కొంచెం తక్కువగా తగ్గుతుంది. కాగితం మీద లెక్క వేసి తీసుకుపోతే చాచా కాగితం చూడకుండానే "కట్ట ఎక్కనీకా? ఇరవై రెండు వెయ్యి" అన్నాడు. ఫ్రీవీలు 120 రూపాయలు. నాలుగు పళ్ళు పెరిగినందుకు గొలుసు ఒక అంగుళం పొడుగు కావలసి వచ్చింది. పాత గొలుసు ఎట్లాగూ సాగిపోయింది, కొత్తది 140.

ఇంత అయ్యాక ముందు చక్రం ఎక్కించబోతే అది ఫ్రేమును రాసుకుంటోంది. చక్రం తప్పు అనుకుని మళ్ళీ బెండు చూశాను. చాచా కళ్ళద్దాలు పెట్టుకుని ఫోర్కును పక్క నుంచి చూశాడు. ఫ్రేము కింది గొట్టం మీద, హ్యాండిల్ మెడకు కొద్దిగా వెనక, రంగు ముడతలు పడి ఉన్న చోట బొటనవేలు ఆనించాడు. "ఇది గట్టిగ గుద్దుకున్నది. శాన యేండ్ల కింద. ఎవలో చేత్తోని సక్కగ జేసిన్రు గాని పూర్తిగ కాలే" అన్నాడు.

ఇంటికి పోయి అమ్మను అడిగాను. అమ్మ రొట్టె చేస్తూ, చేస్తూ ఆగింది.

1997 మార్చిలో బాపు ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షకు ఈ సైకిలు మీదనే రోడ్డుకు పోతున్నాడు. మోరి దగ్గర బర్రె అడ్డం వచ్చింది. సైకిలు పోయి రాతికట్టకు తగిలింది, బాపు చెయ్యి విరిగింది. ఆ పరీక్ష పోయింది. కట్టు విప్పిన నాటికి దుక్కుల కాలం వచ్చింది. మళ్ళీ రాస్తా రాస్తా అంటూనే నాట్లు పడ్డాయి. తాత ఫోర్కును వేపచెట్టు పంగలో పెట్టి వంచి సక్కగ చేశాడు. బాపు మాత్రం ఆ సైకిలు మళ్ళీ ఎక్కలేదు. "నాకు పెండ్లయినంక మీ తాతనే చెప్పిండు. మీ బాపు ఇప్పటిదాక చెప్పలే" అంది అమ్మ.

నేను ఏమీ మాట్లాడలేదు. మాట్లాడితే ఏం మాట్లాడాలి? అదే అయిదు కిలోమీటర్లు, అదే మోరి. ఆ జనవరి పొద్దున నేను సంచి నెత్తిన పెట్టుకుని ఉరికింది కూడా దాని పక్క నుంచే.

వంగిన ఫోర్కును మళ్ళీ వంచితే ఇనుము ఎక్కడో ఒక చోట చిట్లుతుంది. అది ముందు చక్రం దగ్గర విరిగితే మనిషి దక్కడం కష్టం. ఇక్కడ మాత్రం పైసలు చూడొద్దన్నాడు చాచా. వరంగల్‌లో పాత ఇనుము దుకాణాలు తిరిగి, అదే కొలతకు వచ్చే ఒక డొక్కు సైకిలు పట్టాను. టైర్లు లేవు, సీటు లేదు. కిలో 32 చొప్పున పన్నెండు కిలోలు తూగింది, 384 రూపాయలు. దాని ఫోర్కు మాత్రం దారం పట్టి చూసినా తిన్నగా ఉంది. గొలుసును పూర్తిగా మూసే డబ్బా, చున్నీ వెనక చక్రంలో చుట్టుకోకుండా ఉండే జాలీ కూడా దానివే. చున్నీ గురించి నవ్వకండి. అది పుల్లల్లో పడితే మెడకే వస్తుంది. మిగిలిన ముందు చక్రానికీ, హ్యాండిల్‌కూ ఊళ్ళో వెల్డింగు పెట్టించి ఒక చిన్న పలుగు బిగిస్తే పత్తిసాళ్ళలో కలుపు తీసే సైకిల్ గుంటుక అయింది. బాపు దాన్ని మాత్రం "పనికొస్తది" అని మెచ్చుకున్నాడు.

రెండు టైర్లు, రెండు ట్యూబులు కలిసి 920. మిగతా చిల్లర సామాను, చాచా కూలి రెండు వందలు కలిపి మొత్తం 2,259 రూపాయలు అయ్యాయి. చాచా ఆ రెండు వందలు కూడా వద్దన్నాడు. నేను బల్ల మీద పెట్టి వచ్చాను. ఆటోకు రోజుకు నలభై లెక్కన యాభై ఏడు రోజుల్లో నా పెట్టుబడి తిరిగి వచ్చింది. రంగు వేయించలేదు. తాత పేరు వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో రాసి ఉంది, సగం చెరిగిపోయింది. దాన్ని ముట్టుకోలేదు.

ఫిబ్రవరిలో మొదటిసారి రోడ్డు దాకా తొక్కాను. ఇంటి నుంచి రోడ్డుకు వెయ్యి తొక్కులు, కొంచెం అటూ ఇటూ. మోరి దగ్గర దిగి నడిపించాను. ఎందుకో అక్కడ ఎక్కి పోబుద్ధి కాలేదు. సైకిలును చాచా షాపులో పెట్టి, బస్సు ఎక్కి, మొదటి గంటకు ముందే వచ్చి వరండాలో కూచున్నాను. మా మిత్రురాళ్ళు "ఏందే, తాళాలు తీసేటామె వచ్చిందా ఇంకా?" అని ఏడిపించారు.

బాపు చాలా రోజులు ఆ సైకిలు వంక చూడలేదు. మార్చిలో ఒకనాడు పొద్దున నేను సీటు మీద కూచుంటే కాళ్ళు పెడళ్ళకు అందలేదు. దిగి చూశాను. సీటు మూడంగుళాలు పైకి లేపి ఉంది. టైర్లకు మా చేని ఎర్రమట్టి అంటి ఉంది. లోపలికి పోయి అడిగితే అమ్మ బాపు వైపు చూసింది. బాపు పళ్ళు తోముకుంటూ "అడవిపందులు వచ్చినయంటే రాత్రి చేనుకు పోయిన. నీ సీటు శాన పొట్టిగున్నది" అన్నాడు. కాసేపాగి, "కట్ట మాత్రం మంచిగెక్కుతున్నది" అన్నాడు.

ఆనాడు సీటు దించుకునేసరికి బస్సు తప్పిపోయింది. మొదటి గంట కెమిస్ట్రీ పోయింది. ఆ లెక్చరర్ గారు ఇది చదువుతారు కాబట్టి అసలు కారణం ఇక్కడ చెప్పుకుంటున్నాను. ఆ రోజు కడుపునొప్పి అని అబద్ధం చెప్పాను. సాయంత్రం ఆకురాయి తీసుకుని సీటు కింది గొట్టం మీద రెండు గీతలు గీశాను. కిందిది నాది, పైది బాపుది. పానా సీటు కిందనే దారంతో కట్టి ఉంచాను. ఇప్పుడు ఎవరు ముందు లేస్తే వాళ్ళు తమ గీతకు బిగించుకుంటారు.